క్లౌడ్ ఆధారిత అభివృద్ధి పరిసరం

క్లౌడ్ ఆధారిత అభివృద్ధి పరిసరం అనగా సాఫ్టువేరు వ్రాసేవారికి కావలసిన సరంజామా అంతటినీ వారి సొంత కంప్యూటరులో కాక, అంతర్జాలం ద్వారా అందే వేరొక సర్వరులో అమర్చి ఉంచే ఏర్పాటు. ప్రోగ్రామింగు భాష, దాని లైబ్రరీలు, డేటాబేసు, ఎడిటరు, టెర్మినలు మొదలైనవన్నీ ఈ సరంజామాలోకి వస్తాయి. వాడేవారి ఎదుట ఉండేది ఒక బ్రౌజరు (విహరిణి) మాత్రమే. ప్రోగ్రాము కంపైలు కావడం, నడవడం, పరీక్షలకు లోనుకావడం దూరాన ఉన్న యంత్రంలో జరుగుతాయి. గిట్‌హబ్ సంస్థ అందించే కోడ్‌స్పేసెస్ ఈ కోవలో బాగా ప్రచారంలో ఉన్న సేవ. ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా దాని నుండే తీసుకొనబడినవి.

యంత్రం దూరంగా ఉండడం ఈ పద్ధతిలో పైకి కనబడే విశేషం. అంతకంటే ముఖ్యమైన విశేషం మరొకటి ఉంది. పరిసరాన్ని ఎలా అమర్చాలో తెలిపే వివరమంతా ఒక దస్త్రంగా వ్రాసి, ప్రోగ్రాముతో పాటు అదే ప్రాజెక్టులో భద్రపరుస్తారు. ఈ దస్త్రం సరిగా ఉంటే క్రొత్తగా చేరిన విద్యార్థి కూడా కొద్ది నిమిషాలలో పని మొదలుపెట్టగలడు. అది సరిగా లేకపోతే ఎంత శక్తివంతమైన సర్వరు ఇచ్చినా పాత ఇబ్బందులే క్రొత్త చోట ఎదురవుతాయి.

పరిసరం అవసరం

ఒక కథల పుస్తకాన్ని ఏ గదిలో కూర్చుని చదివినా కథ మారదు. ప్రోగ్రాము అటువంటిది కాదు. పైథాన్ భాషలో వ్రాసిన ఒక వెబ్‌సైటు నడవాలంటే పైథాన్ ఫలానా వెర్షను ఉండాలి, జంగో వంటి లైబ్రరీ ఫలానా వెర్షను ఉండాలి, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసు నడుస్తూ ఉండాలి, ఆ డేటాబేసు పేరు, సంకేతపదం ప్రోగ్రాముకు తెలియాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఒకరి వద్ద చక్కగా నడిచేది మరొకరి వద్ద మొరాయిస్తుంది. "నా కంప్యూటరులో నడుస్తోంది కదా" అనేది సాఫ్టువేరు రంగంలో ఒక సామెతగా స్థిరపడిపోవడానికి కారణం ఇదే.

ఇటువంటి తేడాలకు ప్రసిద్ధమైన ఉదాహరణ పైథాన్ భాషలోనే ఉంది. 2008లో వెలువడిన పైథాన్ 3, అంతకు ముందున్న పైథాన్ 2తో పూర్తిగా పొసగదు. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. మధ్య ఉన్న పదకొండు సంవత్సరాలకు పైబడిన కాలంలో రెండు వెర్షన్లూ ఒకే కంప్యూటరులో ప్రక్కప్రక్కనే ఉండేవి. ఏ ప్రోగ్రాము దేనితో నడుస్తోందో తేల్చుకోవడమే ఎందరికో పెద్ద పనిగా ఉండేది.

ఈ చిక్కుకు పాత పరిష్కారం 'రీడ్‌మీ' అనే పేరుతో సూచనల పత్రం వ్రాయడం. ముందు ఇది స్థాపించండి, తరువాత ఈ ఆదేశం ఇవ్వండి అంటూ అందులో వరుసగా చెబుతారు. అయితే ఆ సూచనలను మనుష్యులు చదువుతారే కాని యంత్రం చదవదు. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఎవరో ఒకరు గుర్తుంచుకొని పత్రాన్ని దిద్దాలి. అది సాధారణంగా జరగదు. ఇంట్లో పెద్దవాళ్లు ఆవకాయ పెట్టేటప్పుడు ఉప్పు, కారం కంటికి ఆనినంత వేస్తారు, రుచి కుదురుతుంది. అదే పని మరొకరికి అప్పగించాలంటే కొలత వ్రాసి పెట్టక తప్పదు. అభివృద్ధి పరిసరం విషయంలో ఆ కొలతల పత్రాన్ని యంత్రమే చదివి, యంత్రమే పాటించేలా వ్రాయడమే అమరిక.

చరిత్ర

దూరాన ఉన్న పెద్ద కంప్యూటరును చాలామంది ఒకేసారి వాడుకోవడం క్రొత్త ఊహ కాదు. 1961లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో బృందం ఇటువంటి కాలవిభజన వ్యవస్థను ప్రదర్శించింది. 1964 మే 1న డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్‌ల బేసిక్ భాష కూడా ఇటువంటి వ్యవస్థపైనే ప్రాణం పోసుకుంది. విద్యార్థుల ముందు ఉండేది టైపు యంత్రం వంటి టెర్మినలు, లెక్కించే యంత్రం వేరొక చోట ఉండేది. 1980 దశకంలో వ్యక్తిగత కంప్యూటర్లు వ్యాపించిన తరువాత ఈ ఏర్పాటు తలక్రిందులై, ఎవరి యంత్రంలో వారు పని చేసుకోవడం అలవాటయింది. ఒక విధంగా చెప్పాలంటే నేటి క్లౌడ్ పరిసరం తాతగారి ఇంటికి తిరిగి వెళ్లడమే.

బ్రౌజరులోనే ప్రోగ్రాము వ్రాసే ప్రయత్నాలలో 2009 ఫిబ్రవరిలో మొజిల్లా ప్రయోగశాల విడుదల చేసిన బెస్పిన్ ఒకటి. తరువాత అది స్కైరైటర్‌గా పేరు మార్చుకొని, క్లౌడ్9 వారి ఏస్ అనే ఎడిటరులో 2011లో కలిసిపోయింది. క్లౌడ్9ను 2016లో అమెజాన్ కొనుగోలు చేసింది.

ఈ రంగం నిలదొక్కుకోవడానికి మూడు సంఘటనలు దోహదం చేశాయి. 2013లో డాకర్ వెలువడి, ఒక ప్రోగ్రామును దానికి కావలసిన ఫైళ్లన్నిటితో కలిపి 'కంటైనరు'గా మూటకట్టే పద్ధతిని సులభం చేసింది. 2015 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటరును ప్రకటించింది. ఇది మొదటి నుండి వెబ్ సాంకేతికతలతో నిర్మితమైనది కనుక దానిని బ్రౌజరులోకి తేవడం తేలికయింది. 2019 మే నెలలో ఆ ఎడిటరుకు వచ్చిన ఒక పొడిగింపు, తెర ఒక చోట, పని చేసే కంటైనరు వేరొక చోట ఉండేలా రెండుగా విడదీసింది. 2020 మే నెలలో గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ పరీక్షా దశలో విడుదలైంది. 2022 నవంబరు నుండి వ్యక్తిగత ఖాతాలు ఉన్నవారందరికీ, నెలకు కొంత ఉచిత పరిమితితో, అందుబాటులోకి వచ్చింది. కంటైనరు పరిసరాన్ని వర్ణించే దస్త్రపు నియమాలను కూడా 2022లోనే 'డెవలప్‌మెంట్ కంటైనర్ల నిర్దేశం' పేరుతో అందరికీ తెరిచి ఉంచారు.

పని చేసే విధానం

వాడుకరి ఒక రిపాజిటరీ పేజీలో కోడ్‌స్పేస్ కావాలని కోరగానే సర్వరులో ఒక మిథ్యాయంత్రం కేటాయించబడుతుంది. దానిలోనికి రిపాజిటరీ నకలు దిగుతుంది. ఆపై అమరిక దస్త్రం కోసం వెదకి, దానిలో చెప్పినట్లు కంటైనరును నిర్మిస్తుంది. దస్త్రం లేకపోతే పైథాన్, జావా, నోడ్ మొదలైన భాషలన్నీ కలిపిన ఒక పెద్ద సర్వసాధారణ ఇమేజిని వాడుతుంది. ఏదో ఒకటి చప్పున ప్రయత్నించి చూడడానికి ఇది చాలును. ప్రాజెక్టుకు మాత్రం చాలదు, ఎందుకంటే అందులోని వెర్షన్లు ప్రాజెక్టు కోరినవి కావు, ఆ ఇమేజిని నిర్వహించేవారు ఎప్పుడు మారిస్తే అప్పుడు మారిపోతాయి.

ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అనే విషయంలో క్రొత్తవారు తరచు పొరబడతారు. ప్రాజెక్టు ఫైళ్లు ఉండే 'వర్క్‌స్పేసెస్' ఫోల్డరు, కంటైనరును తిరిగి నిర్మించినా చెక్కుచెదరదు. టెర్మినలులో చేతితో స్థాపించిన ఉపకరణాలు మాత్రం తిరిగి నిర్మించినప్పుడు మాయమవుతాయి. ఇది లోపంగా తోచవచ్చు కాని దీనివలన మేలు ఉంది. దస్త్రంలో వ్రాయకుండా చేతితో చేసిన ప్రతి పనీ ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఇక కోడ్‌స్పేస్‌ను ఆపివేస్తే ఫైళ్లు ఉంటాయి, తొలగిస్తే అన్నీ పోతాయి. గిట్ ద్వారా కమిట్ చేసి రిపాజిటరీకి పంపిన మార్పులు మాత్రమే పూర్తిగా భద్రం.

అమరిక దస్త్రం

ప్రాజెక్టులో చుక్కతో మొదలయ్యే డెవ్‌కంటైనర్ అనే ఫోల్డరు, అందులో డెవ్‌కంటైనర్.జేసన్ అనే దస్త్రం ఉంటాయి. (ఈ పేర్లన్నిటినీ యంత్రంలో ఆంగ్ల లిపిలోనే వ్రాయాలి.) దీనిని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. ఒక గ్రంథాలయపు పుస్తకాల జాబితాను చూపించే వెబ్‌సైటును పైథాన్ 3.12, జంగో 5.2, పోస్ట్‌గ్రెస్ 16లతో నిర్మిస్తున్నారని అనుకొందాం.

మొదట తేల్చవలసినది ఇమేజి. ఇమేజి పేరు ప్రక్కన వెర్షను సూచించే చీటీ (ట్యాగు) ఉంటుంది. 'లేటెస్ట్' అనే చీటీ పెడితే ఈ రోజు ఒక వెర్షను, ఆరు నెలల తరువాత మరొక వెర్షను దిగుతాయి. పని మొదలుపెట్టిన రోజున ఏ ఇబ్బందీ కనబడదు కనుక చాలామంది ఇదే వాడి, తరువాత కారణం తెలియక తలలు పట్టుకొంటారు. పైథాన్ 3.12 అనీ, దాని క్రింద డెబియన్ ఏ విడుదల కావాలో కూడా స్పష్టంగా వ్రాయడం మేలు. జంగో మొదలైన లైబ్రరీల వెర్షన్లను వేరొక దస్త్రంలో, పైథాన్ ఆనవాయితీ ప్రకారం 'రిక్వైర్‌మెంట్స్' అనే పేరుతో, సంఖ్యతో సహా వ్రాస్తారు. ఇమేజిలో లేని చిన్న చిన్న ఉపకరణాలు కావలసి వస్తే 'ఫీచర్లు' అనే తయారు పొట్లాలను పేరుతో చేర్చుకోవచ్చు.

డేటాబేసు వేరే కంటైనరులో నడవాలి కాబట్టి ఇక్కడ ఒక్క ఇమేజితో పని జరగదు. రెండు కంటైనర్లను కలిపి నడపడానికి డాకర్ కంపోజ్ అనే మరొక దస్త్రం వ్రాసి, దానిని డెవ్‌కంటైనర్ దస్త్రం నుండి సూచిస్తారు. ఈ దశలో సాధారణంగా మూడు చోట్ల తప్పు జరుగుతుంది.

డేటాబేసు చిరునామా మొదటిది. సొంత కంప్యూటరులో పని చేసిన అలవాటు కొద్దీ ప్రోగ్రాములో 'లోకల్‌హోస్ట్' అని వ్రాస్తారు. కంటైనరుకు లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరు మాత్రమే, ప్రక్క కంటైనరు కాదు. రెండూ ఒకే నెట్‌వర్కు స్థలాన్ని పంచుకొనేలా ప్రత్యేకంగా అమర్చనంతవరకు, కంపోజ్ దస్త్రంలో డేటాబేసుకు పెట్టిన పేరే దాని చిరునామా అవుతుంది. "కనెక్షన్ నిరాకరించబడింది" అనే సందేశం కనబడగానే చాలామంది సంకేతపదాన్ని అనుమానిస్తారు. ముందు చూడవలసినది ఈ చిరునామాను.

రెండవది వేళకు సంబంధించినది. కంపోజ్‌లో ఒక కంటైనరు మరొకదానిపై ఆధారపడిందని వ్రాసినంత మాత్రాన, డేటాబేసు ప్రశ్నలకు సమాధానం చెప్పే స్థితికి వచ్చేదాకా మొదటిది ఆగదు. డేటాబేసు కంటైనరు మొదలైతే చాలు, తన పని తాను ప్రారంభిస్తుంది. డేటాబేసులో పట్టికలు సృష్టించే ఆదేశం ఆ కొన్ని సెకన్ల వ్యవధిలో నడిస్తే విఫలమవుతుంది. ఒక్కొక్కసారి విఫలమై, ఒక్కొక్కసారి సఫలం కావడం వలన ఈ తప్పు దొరకడం కష్టం. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ-ఈజ్‌రెడీ అనే చిన్న ఉపకరణంతో ఆరోగ్య తనిఖీని అమర్చి, ఆ తనిఖీలో ఉత్తీర్ణమైన తరువాతనే ముందుకు సాగేలా చేయడం సరైన పద్ధతి.

మూడవది డేటా నిల్వ. డేటాబేసు ఫైళ్లను పేరు పెట్టిన ఒక 'వాల్యూం'లో ఉంచితే మామూలుగా తిరిగి నిర్మించినప్పుడు అవి నిలుస్తాయి. కాని పోస్ట్‌గ్రెస్ 16 వ్రాసిన ఫైళ్లను పోస్ట్‌గ్రెస్ 17 నేరుగా తెరవలేదు. ఇమేజి చీటీలో ఒక్క అంకె మార్చగానే డేటాబేసు మొదలుకాక ఆగిపోతే కారణం ఇదే. అభివృద్ధి దశలో ఉండే నమూనా డేటాకు ఇది పెద్ద నష్టం కాదు, పాత వాల్యూం తొలగించి మళ్లీ నింపుకోవచ్చు. అందుకోసం నమూనా పుస్తకాల వివరాలను నింపే చిన్న ప్రోగ్రామును కూడా ప్రాజెక్టులోనే ఉంచుతారు.

తరువాతిది ఆదేశాల క్రమం. కంటైనరు తొలిసారి సృష్టించబడినప్పుడు ఒకేసారి నడవవలసినవి, అది ప్రారంభమైన ప్రతిసారి నడవవలసినవి, ఎడిటరు అతుక్కొన్న ప్రతిసారి నడవవలసినవి అంటూ ఆదేశాలకు వేరువేరు గళ్లు ఉన్నాయి. లైబ్రరీలు దించుకోవడం మొదటి రకం. సేవలను మేల్కొలపడం రెండవ రకం. లైబ్రరీల స్థాపనను రెండవ గడిలో వ్రాస్తే ప్రతి ఉదయం ఆ పని మళ్లీ జరిగి వృథాగా ఎదురుచూడవలసి వస్తుంది.

జంగో తన వెబ్‌సైటును 8000 సంఖ్య గల పోర్టులో చూపిస్తుంది. ఆ పోర్టును ముందుకు పంపమని దస్త్రంలో వ్రాస్తే కోడ్‌స్పేసెస్ దానికొక ప్రత్యేక వెబ్ చిరునామాను ఇస్తుంది. పేజీలు చక్కగా కనబడి, ఫారం నింపి పంపగానే 403 అనే తిరస్కారం రావడం ఇక్కడ తరచు జరిగేది. జంగో 4.0 నుండి, ఫారం ఏ చిరునామా నుండి వచ్చిందో ఆ మూలస్థానాన్ని కూడా సరిచూస్తారు. బ్రౌజరులోని చిరునామా కోడ్‌స్పేసెస్ ఇచ్చినది, జంగో ఎరిగినది లోకల్‌హోస్ట్. విశ్వసించదగిన మూలస్థానాల జాబితాలో క్రొత్త చిరునామాను చేరిస్తే సమస్య తీరుతుంది. రక్షణనే పూర్తిగా తీసివేయమనే సలహా అక్కడక్కడ కనబడుతుంది కాని అది పాటించదగినది కాదు.

ఎడిటరుకు కావలసిన పొడిగింపులను కూడా ఈ దస్త్రంలో పేర్కొనవచ్చు. ప్రాజెక్టుకు నిజంగా అవసరమైనవే వ్రాయాలి. తెర రంగు, అక్షరాల పరిమాణం వంటివి ఎవరి ఇష్టం వారిది కాబట్టి వాటిని వ్యక్తిగత అమరికలకు వదిలివేయడం మర్యాద.

తెలుగు వాడకం

తెలుగు పాఠ్యంతో పని చేసే ప్రాజెక్టులకు మరికొంత అమరిక అవసరం. బ్రౌజరులో కనబడే తెలుగు అక్షరాలను వాడుకరి కంప్యూటరులోని ఫాంటులు చూపిస్తాయి కనుక ఎడిటరులో అంతా సవ్యంగానే ఉంటుంది. అదే ప్రోగ్రాము సర్వరులో ఒక చిత్రాన్నో పీడీఎఫ్‌నో తయారుచేస్తే కంటైనరులోని ఫాంటులు వాడబడతాయి. సాధారణ ఇమేజిలలో తెలుగు ఫాంటులు ఉండవు, అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. డెబియన్ ఆధారిత ఇమేజి అయితే 'ఫాంట్స్-తెలు' అనే ప్యాకేజీని డాకర్ దస్త్రంలో చేర్చాలి.

ఫాంటు ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. గుణింతాలను, వత్తులను హల్లుతో సరిగా కూర్చడానికి హార్ఫ్‌బజ్ వంటి కూర్పు లైబ్రరీ కావాలి. ఉదాహరణకు పైథాన్‌లో చిత్రాలకు వాడే పిల్లో లైబ్రరీ, రాక్మ్ అనే సహాయక లైబ్రరీ తోడుంటేనే ఆ కూర్పు చేయగలదు. లేనిచో 'స్త్రీ' వంటి అక్షరం ముక్కలు ముక్కలుగా విడిపోయి కనబడుతుంది. వీటితో పాటు పరిసర చలరాశులలో భాషా అమరికను యూటీఎఫ్-8గా నిర్ణయించడం మంచిది. తెలుగు చదివే ప్రోగ్రాములు కొన్ని సొంత కంప్యూటరులో నడిచి, సర్వరులో మాత్రం గుర్తులు గుర్తులుగా వ్రాయడానికి ఈ అమరిక లోపించడం ఒక కారణం.

రహస్యాలు, భద్రత

అమరిక దస్త్రం ప్రాజెక్టుతో పాటు అందరికీ కనబడుతుంది. కాబట్టి సంకేతపదాలు, చెల్లింపు సేవల తాళంచెవులు అందులో వ్రాయరాదు. పొరపాటున వ్రాసి, తరువాత తొలగించినా ప్రయోజనం లేదు. గిట్ పాత ప్రతులన్నిటినీ దాచి ఉంచుతుంది, వెదికేవారికి అవి దొరుకుతాయి. అటువంటప్పుడు చేయవలసిన మొదటి పని ఆ తాళంచెవిని రద్దు చేసి క్రొత్తది తీసుకోవడం. చరిత్రను శుభ్రం చేయడం ఆ తరువాతి మాట.

కోడ్‌స్పేసెస్‌లో రహస్యాలను వాడుకరి ఖాతా అమరికలలో గాని, రిపాజిటరీ అమరికలలో గాని విడిగా నమోదు చేస్తారు. అవి గుప్తలిపిలో దాచబడి, కోడ్‌స్పేస్ నిర్మాణం పూర్తయి నడుస్తున్నప్పుడు పరిసర చలరాశులుగా అందుతాయి. ఇమేజి నిర్మాణ సమయంలో అవి అందవు. ఇది తెలియక డాకర్ దస్త్రంలో రహస్యాన్ని పిలిచి, అది ఖాళీగా వచ్చిందని కంగారు పడేవారున్నారు.

ముందుకు పంపిన పోర్టులు మొదట యజమానికి మాత్రమే కనబడతాయి. మిత్రులకు చూపించడానికి దానిని బహిరంగం చేస్తే, చిరునామా తెలిసిన ఎవరైనా ప్రవేశించవచ్చు. పని కాగానే తిరిగి మూసివేయడం మరువరాదు. తెలియనివారి ప్రాజెక్టును తెరిచేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. వారి దస్త్రంలోని ఆదేశాలు అడగకుండానే నడుస్తాయి. అదే దస్త్రాన్ని సొంత కంప్యూటరులో తెరిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే 'ఇనిషియలైజ్ కమాండ్' అనే గడిలోనిది కంటైనరు లోపల కాక ఆ కంప్యూటరులోనే నడుస్తుంది.

కాలం, ఖర్చు

2022 నవంబరులో ప్రకటించిన ప్రకారం వ్యక్తిగత ఉచిత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు, 15 గిగాబైట్ల నిల్వ లభిస్తాయి. రెండు కోర్ల యంత్రం తీసుకొంటే ఇది 60 గంటలు, నాలుగు కోర్లది తీసుకొంటే 30 గంటలే. పెద్ద యంత్రం ఎంచుకొన్నవారికి నెల మధ్యలోనే పని ఆగిపోవడం ఈ లెక్క చూసుకోకపోవడం వలననే.

బ్రౌజరు మూసినంత మాత్రాన యంత్రం ఆగదు. ముప్పై నిమిషాలు ఏ కదలికా లేకపోతే అప్పుడు ఆగుతుంది. రెండు కోర్ల యంత్రంలో ఆ అరగంట ఒక కోర్-గంటతో సమానం. నెలలో ఇరవై రోజులు ఇలా వదిలివేసిన విద్యార్థి ఉచిత పరిమితిలో ఆరవ వంతు ఏమీ చేయకుండానే పోగొట్టుకుంటాడు. ఖాతా అమరికలలో ఈ గడువును ఐదు నిమిషాల వరకు తగ్గించుకోవచ్చు, లేదా పని కాగానే తానే ఆపివేయవచ్చు. ఆగి ఉన్న కోడ్‌స్పేస్‌కు కూడా నిల్వ లెక్క నడుస్తూనే ఉంటుంది. మామూలు అమరిక ప్రకారం 30 రోజులు తాకకుండా ఉంచినది దానంతటదే తొలగించబడుతుంది. వేసవి సెలవులకు ఊరు వెళ్లే విద్యార్థులు ఆ ముందురోజే తమ మార్పులను రిపాజిటరీకి పంపడం క్షేమం.

పెద్ద ప్రాజెక్టులకు డబ్బు కంటే నిరీక్షణ పెద్ద సమస్య. గిట్‌హబ్ సంస్థ తన సొంత వెబ్‌సైటు ప్రోగ్రామును ఈ పద్ధతికి మార్చిన అనుభవాన్ని 2021 ఆగస్టులో వెల్లడించింది. ఆ రిపాజిటరీ పరిమాణం 13 గిగాబైట్లకు దగ్గరగా ఉండేది. దానిని నకలు దించుకోవడానికే 20 నిమిషాలు, పూర్తిగా సిద్ధం కావడానికి 45 నిమిషాలు పట్టేదట. చరిత్ర అంతటినీ మొదటే దించకపోవడం, ఇమేజిని ముందుగానే నిర్మించి ఉంచడం వంటి మార్గాలతో దానిని ఐదు నిమిషాలకు, తుదకు పది సెకన్లకు తగ్గించారు. ఇలా ముందుగా వండి ఉంచడాన్ని 'ప్రీబిల్డ్' అంటారు. ఆదేశాల గళ్ల తేడా ఇక్కడ మరలా ముఖ్యమవుతుంది. సృష్టి సమయపు 'ఆన్ క్రియేట్' గడిలోనివి ప్రీబిల్డ్‌లో ముందే నడుస్తాయి, 'పోస్ట్ క్రియేట్' గడిలోనివి వాడుకరి తెరిచిన తరువాతనే నడుస్తాయి. చిన్న ప్రాజెక్టులకు ప్రీబిల్డ్ అవసరం లేదు, పైగా అది నిల్వను తింటుంది.

విద్యారంగంలో

తరగతిలో అందరికీ ఒకే పరిసరం ఉండడం ఉపాధ్యాయులకు పెద్ద ఊరట. మొదటి రెండు వారాలు ప్రయోగశాలలో సాఫ్టువేరు స్థాపనతోనే గడిచిపోవడం ప్రోగ్రామింగు బోధనలో తరచు జరిగేదే. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సీఎస్50 అనే ప్రసిద్ధ పాఠ్యక్రమం ఈ దారిలో ఒక్కొక్క మెట్టు ఎక్కింది. మొదట విద్యార్థులు తమ కంప్యూటరులో నడుపుకొనే మిథ్యాయంత్రాన్ని, తరువాత క్లౌడ్9పై ఆధారపడిన ఎడిటరును, ఆ తరువాత కోడ్‌స్పేసెస్‌ను ఉపయోగించారు. తక్కువ జ్ఞాపకశక్తి గల పాత ల్యాప్‌టాపు ఉన్న విద్యార్థి కూడా ఇటువంటి ఏర్పాటులో తోటివారితో సమానంగా పని చేయగలడు.

వికీపీడియా స్వచ్ఛంద సభ్యులకు కూడా ఇటువంటి సౌకర్యం ఒకటి ఉంది. వికీమీడియా ఫౌండేషన్ నిర్వహించే పాస్ అనే సేవలో, వికీ ఖాతాతోనే ప్రవేశించి, బ్రౌజరులో జూపిటర్ నోట్‌బుక్కు తెరిచి, పైవికీబాట్‌తో చిన్న బాట్లు వ్రాయవచ్చు. పైవికీబాట్ అందులో ముందే అమర్చి ఉంటుంది. తెలుగు వికీపీడియాలో వందల పేజీలలో ఒకే అక్షరదోషాన్ని సవరించడం వంటి పనులకు ఇది అనుకూలం. అందులోని నోట్‌బుక్కులు, ఫైళ్లు బహిరంగంగా కనబడతాయి కనుక సంకేతపదాలు అక్కడ వ్రాయకూడదు.

పరిమితులు

అంతర్జాలం లేనిదే ఈ పరిసరం లేదు. కనెక్షను నెమ్మదిగా ఉంటే టెర్మినలులో నొక్కిన అక్షరం తెరపై కనబడడానికి జాగు అవుతుంది. ఫోను అనువర్తనాలను నిజమైన ఫోనుపై పరీక్షించడం, యూఎస్‌బీ ద్వారా బోర్డులతో పని చేయడం వంటివి సొంత కంప్యూటరులోనే సులభం.

అంతకంటే తీవ్రమైనది సేవ నిలిచిపోయే ప్రమాదం. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కోడ్‌స్పేసెస్ అనే సేవ 2021 ఫిబ్రవరిలో మూతపడి గిట్‌హబ్ సేవలో కలిసింది. అమెజాన్ క్లౌడ్9 2024 జూలై 25 నుండి క్రొత్త వాడుకరులను చేర్చుకోవడం మానివేసింది. జర్మనీలో పుట్టిన గిట్‌పాడ్ 2025 సెప్టెంబరులో ఓనా అని పేరు మార్చుకొని కృత్రిమ మేధ సహాయకుల వైపు మళ్లింది. గూగుల్ 2023లో ప్రకటించిన ప్రాజెక్ట్ ఐడీఎక్స్ 2025లో ఫైర్‌బేస్ స్టూడియోగా మారింది. సేవను బట్టి దస్త్రాల రూపం కూడా వేరుగా ఉండేది. గిట్‌పాడ్‌కు తనదైన దస్త్రం, ఐడీఎక్స్‌కు నిక్స్ భాషలో దస్త్రం, ఎక్లిప్స్ చే అనే సేవకు డెవ్‌ఫైలు అనే మరొక రూపం ఉండేవి. ఒక సేవ కోసం వ్రాసినది మరొకదానికి పనికిరాక, మారవలసి వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుండి వ్రాయవలసి వచ్చేది.

డెవ్‌కంటైనర్ దస్త్రానికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. దాని నియమాలు బహిరంగమైనవి కనుక అదే దస్త్రాన్ని సొంత కంప్యూటరులో డాకర్‌తో, విజువల్ స్టూడియో కోడ్‌తో నడుపుకోవచ్చు, ఎడిటరు లేకుండా ఆదేశపంక్తి నుండి కూడా నడుపుకోవచ్చు. జెట్‌బ్రెయిన్స్ వారి ఎడిటర్లు కూడా దీనిని చదువుతాయి. ఉచిత గంటలు అయిపోయిన విద్యార్థి తన ల్యాప్‌టాపులోనో కళాశాల ప్రయోగశాలలోనో అదే పరిసరాన్ని తెరుచుకోగలడు. అయితే ఎడిటరు పొడిగింపుల విషయంలో ఈ స్వేచ్ఛ పూర్తిగా లేదు. మైక్రోసాఫ్ట్ విపణిలోని పొడిగింపులను ఆ సంస్థ ఉత్పత్తులలో మాత్రమే వాడాలని షరతు ఉంది. అందువలన ఇతర ఎడిటర్లు ఎక్లిప్స్ ఫౌండేషన్ నిర్వహించే ఓపెన్ వీఎస్ఎక్స్ అనే బహిరంగ భాండాగారాన్ని ఆశ్రయిస్తాయి. అక్కడ కొన్ని పొడిగింపులు దొరకవు. కనుక అమరిక దస్త్రంలో పేర్కొన్న ప్రతి పొడిగింపూ రెండు చోట్లా ఉన్నదీ లేనిదీ ముందుగానే చూసుకోవలసి ఉంటుంది.